కొబ్బరి మొవ్వున స్టారు

"బంగారరాజూ! ఒరే బంగారరాజూ! కాళ్ళకి బందం వేసుకున్నాక మళ్ళీ ఆ గొణుగుడేంట్రా అల్లుడా? ఈ పైడమ్మత్త నిన్నెప్పుడన్నా ఊరికే చెట్టెక్కమందా?

తెలుసురా, దింపుకి కాదు. ఒక్క కాయ కూడా కొయ్యొద్దు. ఈ క్రిస్మస్ స్టారు పట్టుకెళ్ళి పైన ఆకుల నడిమి మొవ్వు దగ్గర కట్టేసి వచ్చెయ్. వైరు నేను కిందనించి వదులుతాను.

ఊరందరూ చూరుకి కట్టుకుంటే మనకి చెట్టెందుకంటావా? నన్నెందుకు అడుగుతావు, అరుగు మీద కూచుంది చూడు మా బుజ్జి, ఆ మహారాణిని అడుగు! చూరుకి కడితే వాళ్ళమ్మకి కనపడదంట. కువైట్ నించి విమానంలో కదా రావడం, పైనించి చూస్తే అన్నీ కొబ్బరాకులే కదా, మనిల్లేదో ఎలా తెలుస్తదీ అంటంది. ఆరేళ్ళ పిల్ల బుర్ర చూడు!

నాకేం తెలుసురా ఈ పండగ సంగతి? అంతర్వేది తీర్థం తప్ప ఇంకోటెరగను. నా కూతురు నిర్మల చర్చికెళ్తందని ఏడాది పాటు దానితో మాట మానేసినదాన్ని. ఇప్పుడు దాని పిల్లలు నాకు పాఠం చెప్తన్నారు. స్టారు అందానికి కాదంట. దూరంనించి బయల్దేరినోళ్ళు దారి తప్పకుండా ఈ గుమ్మంలోకే రావాలని పెడతారంట. చర్చిలో ఆదివారం బడి టీచరుగారు చెప్పేరని మా పెద్దది హేమ ఎంత ముద్దుగా చెప్పిందో! పదేళ్ళకే దానికి పెద్దరికం వచ్చేసింది.

నవ్వకు. ఎక్కు. పొద్దుగూకుతంది.

రెండ్రోజుల్నించీ బిళ్ళ మింగట్లేదురా బుజ్జి. మూర్ఛబిళ్ళ. ఒక్కపూట మానినా ప్రమాదమే అని రాజోలు డాక్టరుగారు చెప్పేరు. దాన్ని బెదరనివ్వకండి, ఏడవనివ్వకండి అని కూడా చెప్పేరు. మొన్న ఎంత బతిమాలినా మింగకపోతే, నా నోరు పడిపోనూ, క్రిస్మస్‌కి మీ అమ్మొస్తది, మింగమ్మా అన్నాను. టక్కున మింగేసింది. ఆ మర్నాటినించీ మొదలు. అమ్మొచ్చి వేస్తేనే మింగుతాదంట. అమ్మ చేతిదే కావాలంట. ఇదుగో, పొద్దున్నించీ గుప్పిట్లో పెట్టుకుని కూచుంది.

వస్తదా అంటావేంటి? ఎక్కరా బాబూ, మాట్లాడతా ఎక్కితే ఆయాసం.

ఆయ్. అలాగే. జాగ్రత్త, మొన్న వానకి పాకుడు పట్టింది చెట్టు.

...

సగం దాటేవు. ఇంక నా మాట నీకు వినపడదు. సముద్రం గాలి కూడా లేచింది. అందుకే చెప్తన్నాను, నీకు వినపడదనే చెప్తన్నాను.

నిర్మల లేదురా.

శ్రావణంలో ఫోనొచ్చింది. పి.గన్నవరం పిల్లంట, దానితోపాటు పనిచేసేదంట. బట్టలిస్త్రీ చేస్తా చేస్తా కూలబడిపోయింది పిన్నీ అంది. అక్కడే మట్టి చేసేసేరు అంది. నేను అప్పుడు చేపలు తోముతున్నాను. తోముతానే ఉన్నాను. ఏడిస్తే బుజ్జి బెదురుతాది కదా. వాళ్ళ నాన్న చూస్తే మండపేటలో ఇంకో కాపురం పెట్టేడు. నేను కూడా కూలబడిపోతే వీళ్ళకెవరు చెప్పు?

పదకొండో రోజు చేపలకెళ్తన్నానని చెప్పి ఒక్కదాన్నే ఏటికెళ్ళి తలస్నానం చేసి, దాని పేరు చెప్పి మూడు దోసిళ్ళ నీళ్ళు వదిలేను. తడిజుట్టుతో, ఖాళీ తట్టతో ఇంటికొస్తే హేమ చూసింది. తువ్వాలు తెచ్చి చేతికిచ్చింది. అమ్మ ఫోన్ చెయ్యదేంటని పిల్లలడిగితే, పనిచేసే ఇంటోళ్ళు ఫోను లాగేసుకున్నారని చెప్పేను. దీపావళికి దీపం పెట్టలేదు. బుజ్జికి టపాకాయలంటే భయమని చెప్పి తప్పించుకున్నాను.

మరి క్రిస్మస్‌కి ఏం చెప్పి తప్పించుకోను? ఏటిసూతకం ఉన్న ఇంట్లో పండగేంట్రా? కూతురు పోయి ఏడాది తిరక్కుండా ఇంటిమీద దీపం ఎగరేస్తన్నాను. దాని ఆత్మ ఏమనుకుంటదో! పోనీ వద్దందామంటే, ఎందుకమ్మమ్మా అంటారు. సూతకమని చెప్తే, ఎవరికమ్మమ్మా అంటారు.

...

ఏంటీ? కట్టేసేవా? హేమా, స్విచ్చెయ్యి తల్లీ!

అబ్బ!

ఎంత బాగుందిరా! ఎర్రగా... కొబ్బరాకులన్నీ ఎర్రబడ్డాయి చూడు. నిర్మల చూస్తే ఎంత మురిసిపోయేదో.

ఏం లేదు, నాలో నేను అనుకుంటన్నాను. దిగు ఇంక.

ఏంటీ? ఎన్నింటికొస్తదా? రావులపాలెంలో బస్సు దిగుతదా, కారులో వస్తదా? నీకెందుకురా అవన్నీ, దిగు ముందు! సెంటుసీసా తెమ్మన్నావా దాన్ని? ఓరి నీ సెంటు సీసా పాడుగానూ. నాకు తెలీదనుకున్నావా? పొద్దున్నే గెడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని చెట్టెక్కడానికి వచ్చినోణ్ణి నిన్నే చూసేను. చిన్నప్పట్నించీ దాని చుట్టూ తిరిగేవు. మేనబావని నిన్ను కాదని అది బయటోణ్ణి కట్టుకున్నా, మళ్ళీ ఇంకోర్ని చూడలేదు నువ్వు. అన్నీ తెలుసురా నాకు. దిగరా నాయనా. నేల మీద నించుంటే చెప్తాను. అంత ఎత్తున నీకు చెప్పలేను.

దిగవా? చెప్తేగానీ దిగవా? ఇదేం మొండితనంరా!

బుజ్జీ! వాకిట్లోకి ఎందుకొచ్చేవమ్మా? చలి. ఆ... స్టారు వెలిగింది. చూసేనమ్మా. అమ్మేదంటే... ఇప్పుడే వెలిగింది కదా, ఇంకా...

ఏదీ, గుప్పిట తియ్యి. తియ్యమ్మా. చూడు, చెమటకి బిళ్ళ కరిగిపోయి చెయ్యంతా తెల్లగా అయిపోయింది. ఇంకోటిస్తాను, మింగు. అమ్మమ్మ చేత్తో వేస్తాను.

తల అలా ఊపకే. అమ్మే కావాలా? అమ్మే వెయ్యాలా?

ఓరి దేవుడో! బంగారరాజూ, దీని పెదవి ఓ పక్కకి అదురుతందిరా! మొన్నసారి కూడా ముందు ఇలాగే అదిరింది! నోరు బిగుసుకుంటే బిళ్ళ లోపలికెళ్దు. ఇప్పుడే మింగాలి. ఇప్పుడే.

నువ్వు దిగేదాకా ఆగలేనురా, నిజం తెలిస్తేగానీ ఇది నోరు తియ్యదు. ఎంతో బతిమాలేను నిన్ను.

హేమా, పరిగెత్తుకురా! నీళ్ళూ, ఇంకో బిళ్ళా పట్రా. చెల్లిని ఒళ్ళో కూచోబెట్టుకో. గట్టిగా పట్టుకో తల్లీ. నా మొహం చూడు బుజ్జీ, స్టారు కేసి కాదు, నా మొహం చూడు.

బంగారరాజూ! చెట్టు గట్టిగా పట్టుకో! రెండు చేతులతో! ఏం విన్నా వదలకు! పట్టుకున్నావా?

వినపడలేదా? ఏం చెప్తానా?

అబద్ధం చెప్పేనమ్మా బుజ్జీ. క్రిస్మస్‌కి వస్తదని అబద్ధం చెప్పేను. ఎంత ఎత్తున కట్టినా ఆ స్టారు మీ అమ్మకి కనపడదు. ఇంక నా చేత్తోనే మింగాలి తల్లీ నువ్వు, రోజూ, నా చేత్తోనే...

మీ అమ్మ చచ్చిపోయిందమ్మా! చచ్చిపోయిందిరా బంగారరాజూ, మన నిర్మల శ్రావణంలోనే చచ్చిపోయింది!"