మన మైదానాన్ని నిలిపిన కమరున్నీసా గారు

2001వ సంవత్సరం జూన్ 17వ తేదీ ఆదివారం నాడు శ్రీమతి కమరున్నీసా గారు ఆకివీడులోని మన మిత్ర ఫుట్‌బాల్ క్లబ్బులో స్వచ్ఛంద సేవకురాలిగా ప్రవేశించారు. నిజానికి ఆనాడు వారు చేరడానికి రాలేదు. తమ్ముడు తన్వీర్ జెర్సీ చిరిగితే నాలుగు కుట్లు వేసి వెళ్దామని సూదీ దారంతో వచ్చారు. తక్కిన ఆటగాళ్ల జెర్సీలూ అదే స్థితిలో ఉండటం చూసి, అన్నిటినీ మూటగట్టి తమ టైలరింగ్ దుకాణానికి పట్టుకుపోయారు.

దుస్తులతో ఆరంభమైన వారి సేవ క్రమంగా ప్రథమ చికిత్సకూ, ప్రయాణ ఏర్పాట్లకూ విస్తరించింది. 2009లో బాలికల జట్టు ప్రతిపాదన రాగా, ఆడపిల్లలు నిక్కర్లతో ఆడటానికి వీల్లేదన్న తల్లిదండ్రుల ఇళ్లకు స్వయంగా వెళ్లి, తాము కుట్టిన నిండైన ట్రాక్ ప్యాంట్లు చూపించి, పదమూడుమంది బాలికలను మైదానానికి తీసుకువచ్చిన ఘనత వారిదే.

2014లో క్లబ్బు ఉనికికే ముప్పు వాటిల్లింది. చుట్టూ ఉన్న పొలాలన్నీ అప్పటికే చేపల చెరువులయ్యాయి. మైదానం యజమాని అబ్బాయిరాజు గారు కూడా చెరువు తవ్వించ నిశ్చయించారు. పొక్లెయిన్ వచ్చి గట్టున నిలిచింది. కమిటీ పెద్దలు ఏమీ తోచక ఊరుకుంటే, కమరున్నీసా గారు ఒక్కరే రాజుగారింటికి వెళ్లారు. దారిపొడవునా కూర్చుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే మరిచిపోయారట.

"రాజుగారూ, చెరువు తవ్వుకోవడం మీ ఇష్టమండీ. ఆదివారం ఏలూరు జట్టుతో మా పిల్లల ఆట ఉందండీ. అది చూశాక తవ్వించండి" అని మాత్రం అనగలిగారు.

రాజుగారు వచ్చారు. మన బాలికలు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఇక అంతా అయిపోయిందనుకున్నారు కమరున్నీసా గారు. గోల్‌కీపర్ తేజశ్రీ ఏడుస్తుంటే రాజుగారు దగ్గరికి వెళ్లి, "ఓడిపోయామనా అమ్మా?" అని అడిగారు.

"కాదండీ. మళ్లీ ఆడి గెలుద్దామంటే గ్రౌండ్ ఉండదు కదండీ" అంది తేజశ్రీ.

మరునాడు పొక్లెయిన్ వెనక్కి వెళ్లింది. ఇరవై ఏళ్లపాటు మైదానాన్ని క్లబ్బుకే వదులుతూ రాజుగారు పత్రం రాసిచ్చారు. అభినందించవచ్చిన వారితో కమరున్నీసా గారు, "నేనేం చేశానండీ? పిల్ల చెప్పింది, ఆయన విన్నారు" అన్నారు.

2016 నుంచి గౌరవ కార్యదర్శిగా క్లబ్బును నడిపి, అరవయ్యవ ఏట, ఈ నెలాఖరున వారు బాధ్యతల నుంచి విరమిస్తున్నారు. ఇకపై ఆదివారాలు ఏం చేస్తారని అడిగితే, "కూర్చుని ఆట చూస్తానండీ. ఇన్నేళ్లలో ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. ఎవరికో దెబ్బ తగిలేది, ఏదో చిరిగేది" అన్నారు.

వారికి సంపూర్ణ ఆరోగ్యమూ, నిండు నూరేళ్ల ఆయుష్షూ కలగాలనీ, మైదానం ముందు వరుసలో వేసిన కుర్చీలో చివరి విజిల్ దాకా వారిని ఎవరూ లేపకూడదనీ మనసారా కోరుకుంటున్నాము.