ఎక్కే బండికి దారి

అమలాపురంలో బస్టాండు వెనక సందు. బాబ్జీ డ్రైవింగ్ స్కూలు అంటే ఒక గది, ఒక కంప్యూటరు, దాని నెత్తిన చిన్న కెమెరా. ఆ కెమెరా ముందు కుర్చీలో బాపిరాజు మాస్టారు కూర్చుని ఉన్నాడు. లైసెన్సు పరీక్ష ఫలితం తెర మీద ఉంది. ఆయన దాన్ని చూసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక నిలబడి బాబ్జీ కూడా చూశాడు.

"మళ్ళీ పదకొండేనా మాస్టారూ?"

"పదకొండే."

"ఇరవైకి పన్నెండొస్తే పాసండి. మూడోసారి రాసేరు. మూడుసార్లూ పదకొండే. ఒకసారి తొమ్మిదొచ్చి, ఒకసారి పదమూడొచ్చినోణ్ణి చూసేను గానీ, ఇలా పదకొండు దగ్గర పాతేసినట్టు ఆగిపోయినోణ్ణి చూళ్ళేదండి."

"ఆ లెక్క నాకూ తెలుసు బాబ్జీ."

"తెలిస్తే ఆ ఒక్కటీ ఎక్కడ పోతందండీ? ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పరీక్షలు పెట్టేరు. మీ దగ్గర ఇలా మూడుసార్లు తప్పినోణ్ణి ఏం చేసేవోరు? బెంచీ ఎక్కించేవోరు కాదూ?"

"ఎక్కించేవాణ్ణి."

"మరి బెంచీ తెప్పించమంటారా?"

"తెప్పించు. ఆ తెలుగు రాసినవాణ్ణి కూడా పిలు, పక్కన నించోబెడదాం. 'నిలుపుట నిషేధించబడని స్థలము కానిది ఏది' అట. రెండుసార్లు చదివేలోపు టైము అయిపోయింది."

"ప్రశ్న దిద్దమని మిమ్మల్ని ఎవరడిగేరండీ? జవాబు నొక్కమన్నారు. నొక్కాలి, పోవాలి. అంతే."

"చదవకుండా నొక్కమంటావా?"

"చదివేటోళ్ళు ఎవరండీ ఇక్కడ? చదివే మీరు పదకొండు దగ్గరున్నారు. చదవనోళ్ళు హాయిగా బళ్ళు తోలుకుంటున్నారు."

"బాబ్జీ గారూ, నా కాగితం వచ్చిందాండి?"

"రా అమ్మాజీ, సమయానికొచ్చేవు. ప్రింటు తీస్తున్నాను, కూర్చో. చూడండి మాస్టారూ, ఈవిడ మోపెడ్ మీద బుట్ట కట్టుకుని ఊళ్ళంట చేపలమ్ముద్ది. మొన్న ఇదే కుర్చీలో కూర్చుంది. ఎన్నొచ్చేయే నీకు?"

"పంతొమ్మిదండి."

"విన్నారా?"

"విన్నాను. నువ్వేం చదువుకున్నావమ్మా?"

"సదువేటండీ నాకు. ఏలుముద్రండి."

"మరి పంతొమ్మిది ఎలా వచ్చేయి?"

"ఏవోనండి. కెమేరా కేసి సూత్తా కూకోమన్నారు. కదిలితే పోద్దన్నారు. మెడ పట్టేసిందండి బాబూ. పక్కనుంచి టిక్కు టిక్కుమని బాబ్జీ గారే..."

"అమ్మాజీ."

"ఆయ్."

"బయట కూర్చో."

"ఎండండి."

"అయితే నోరు మూసుకుని కూర్చో."

"ఆయ్."

"అలా చూడకండి మాస్టారూ. ఇందులో దాచేదేముంది? కెమెరాకి మనిషి మొహం కావాలి. మొహం కనబడితే చాలు, అది ఇంకేం అడగదు. మొహం వాళ్ళది, చెయ్యి నాది. మీకూ మొదటిరోజే చెప్పేను. మీరే పౌరుషానికి పోయేరు."

"ఆ చెయ్యి నాకొద్దన్నాను."

"వద్దంటే ఆ పన్నెండోది మీరే తెచ్చుకోండి. నా స్కూలు పేరు చెప్పుకుని మూడుసార్లు తప్పితే ఊళ్ళో ఏమనుకుంటారు? హైస్కూలు మాస్టార్నే పాస్ చేయించలేకపోయేడు, మనల్నేం చేస్తాడనరూ?"

"హైస్కూలు కాదు. ఏడో తరగతి దాకా ఉన్న బడి."

"ఏదోటి లెండి. జరగండి, ఎక్కడ పోయిందో చూస్తాను. ఇదిగో. ఇదేంటండీ, దీనికి అసలేం నొక్కలేదు? ఖాళీగా వదిలేసేరే."

"టైము అయిపోయింది."

"పోయిన వారం రాసింది చూద్దాం ఆగండి. ఇదిగో, ఇదే ప్రశ్న. ఇదీ ఖాళీ. అంతకుముందుదీ... అదీ ఖాళీయే. మూడుసార్లొచ్చింది, మూడుసార్లూ వదిలేసేరు. ఇది ఒక్కటి నొక్కుంటే మొదటిరోజే పాసండి మీరు!"

"చదువు దాన్ని."

"ఏంటండీ?"

"ఆ ప్రశ్న. పైకి చదువు."

"నాకు పరీక్ష పెడతన్నారా? సరే. 'ఏటవాలు రోడ్డు మీద రెండు వాహనములు ఎదురుపడినచో దారి దేనికి ఇవ్వవలెను? ఒకటి, దిగు వాహనమునకు. రెండు, ఎక్కు వాహనమునకు. మూడు, బరువు ఎక్కువ గల వాహనమునకు.' ఇదా! ఇది మన ప్రశ్న కాదండీ. కొండలున్నోళ్ళ ప్రశ్న. కోనసీమలో కొబ్బరిచెట్టు తప్ప ఎక్కేదేముంది?"

"మనవాళ్ళని స్వయంగా రాయనిస్తే ఏది నొక్కుతారు?"

"కళ్ళు మూసుకుని మూడోది. కాలవగట్టు మీద లోడు బండి ఎదురైతే మనమే కదండీ పక్కకి దిగేది. పుట్టినకాణ్ణించీ అదే చూస్తున్నాం."

"లాకుల వంతెన ఉంది."

"ఆ?"

"మా ఊరి కాలవ మీది లాకుల వంతెన. కోనసీమలో ఎక్కేదేముందన్నావు కదా. ఇటునించి ఎక్కాలి, అటు దిగాలి. నడుమ ఒక్క బండికే చోటు."

"అమ్మాజీ, ఇదిగో నీ కాగితం. అయిపోయింది, వెళ్ళు."

"ఎల్లొత్తానండి. మాస్టారండీ, మీరు దిగులెట్టుకోకండి. నాకే వచ్చేసింది, మీకు రాదాండి?"

"వెళ్ళిరా అమ్మా. వంతెనలెక్కేటప్పుడు జాగ్రత్త."

"ఆయ్."

"మాస్టారూ. మీ ఇంటావిడ సావిత్రమ్మ గారు పోయిన సంగతి విన్నానండి. ఇన్నిసార్లొచ్చేరు గానీ, ఎలా కదపాలో తెలీక ఊరుకున్నాను. ఎనిమిది నెలలైందేమో."

"తొమ్మిది."

"ఆవిడ స్కూటరు మీదేనా మీరు నేర్చుకుంటానన్నది?"

"దాని మీదే. బాగుచేయించేను. ఇరవయ్యేళ్ళు ఆవిడ తోలుతుంటే వెనక కూచుని బడికెళ్ళేను. ఊరు నవ్వేది. ఆవిడా నవ్వేది. ఆ వేళా వెనకే ఉన్నాను."

"వద్దులెండి మాస్టారూ, ఇప్పుడవన్నీ..."

"సగం ఎక్కేం. పైనుంచి కొబ్బరికాయల లోడుతో బండి దిగుతోంది. నేను ఆగమన్నాను. 'మనం ఎక్కుతున్నాం కదండీ, వాళ్ళే ఆగాలి' అంది. ఆవిడ ఈ పరీక్ష తనే చదివి, తనే రాసింది బాబ్జీ. పదిహేడొచ్చేయి. ఇంటికొచ్చి నాకు చూపించింది."

"ఏం చేస్తామండి. రాత."

"బండి కిందకొచ్చి ఆగింది. వాడు దిగి నా దగ్గరికొచ్చేడు. ఏడుస్తున్నాడు. ఏమన్నాడో తెలుసా? 'మాస్టారండీ, నాది లోడు బండి కదండీ' అన్నాడు. నన్ను అడుగుతున్నాడు. నిజంగా తెలీక అడుగుతున్నాడు."

"కుర్రతనం. తెలీక..."

"నేనూ అదే అంటున్నాను. వాడికి తెలీదు. నాగసతీష్. తాతారావు కొడుకు. లైసెన్సు నీ దగ్గరే తీసుకున్నాడు."

"నా దగ్గరికి చాలామంది వస్తారండి."

"వాడికి ఎన్నొచ్చేయి?"

"గుర్తుండదు కదండీ."

"రెండేళ్ళయింది. శ్రావణమాసం. నీ కంప్యూటర్లో ఉంటుంది. చూడు."

"ఒకరిది ఇంకొకరికి చూపించకూడదండి. తప్పు."

"అమ్మాజీది చూపించేవు."

"అది... అది వేరు."

"చూడు బాబ్జీ. నీ ముందు కూచునే అడుగుతున్నాను. వేరే చోట అడిగించడం నాకిష్టం లేదు."

"బెదిరిస్తున్నారా?"

"అడుగుతున్నాను."

"పద్దెనిమిది. సరేనా? పద్దెనిమిదొచ్చేయి."

"ఈ ప్రశ్న ఉందా అందులో?"

"ఉందండి."

"ఏది నొక్కేవు?"

"ఎక్కే బండికే. రైటే నొక్కేను."

"నువ్వు రైటే నొక్కేవు."

"అంటే... నేను నొక్కేనని కాదండీ. వాడే నొక్కేడు. మాటల్లో పెట్టి నా నోటంట లాగుతున్నారు మీరు. పద్ధతి కాదిది."

"వాడు చదవలేడు. ప్రశ్నేంటో తెలీకుండా ఎలా నొక్కేడు?"

"చదవలేనోళ్ళకి కంప్యూటరే పైకి చదివి చెబుద్దండి."

"నీ కంప్యూటరుకి స్పీకరు లేదు. మూడుసార్లు కూచున్నాను."

"ఓహో. అదా సంగతి. మూడువారాల నించీ మాస్టారు పాపం తప్పిపోతున్నాడని నేను జాలిపడుతున్నాను. తమరు నా కొట్లో సామాన్లు లెక్కెట్టుకుంటున్నారన్న మాట. పరీక్షకి రాలేదు మీరు. నా మీదకి వచ్చేరు."

"మొదటిరోజు పరీక్షకే వచ్చేను. ఆ ప్రశ్న వచ్చింది. జవాబు తెలుసు. వేలు కదల్లేదు. నువ్వు వెనకనించి వచ్చి నా చెయ్యి తీసి పక్కన పెట్టి, నీ చెయ్యి పెట్టబోయేవు. అప్పుడు అర్థమైంది వాడికి పద్దెనిమిది ఎలా వచ్చేయో."

"అయితే ఏంటంటారు ఇప్పుడు?"

"ఎల్లుండి కేసు వాయిదా. కాగితం రాసుకున్నాను. ఆ పరీక్ష వాడు రాయలేదని."

"నా పేరుందా?"

"ఉంది."

"తియ్యండి."

"తియ్యను. నువ్వూ రా. నేను చెప్పడం వేరు, నువ్వే వచ్చి చెప్పుకోవడం వేరు. ఆ మాట అడగడానికే ఇవాళ వచ్చేను."

"నేనెందుకొస్తానండీ? మీకేమైనా మతి పోయిందా? షట్టరు వేయించేస్తారు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు నాకు. ఇంతమందికి మేలు చేసి బతుకుతున్నాను. ఆ అమ్మాజీ నడిగి చూడండి, దణ్ణం పెడుద్ది. నన్ను కోర్టుకీడిస్తే సావిత్రమ్మ గారు తిరిగొస్తారా?"

"రాదు."

"మరి? స్టీరింగు నేను పట్టుకున్నానా? బ్రేకు మీద నా కాలుందా? ఆ వేళ లాకుల దగ్గర నేనున్నానా?"

"ఉన్నావు."

"ఏంటీ?"

"ఉన్నావు. ఇంకొకడు కూడా ఉన్నాడు."

"మర్యాదగా మాట్లాడుతున్నాను మాస్టారూ, మీరు పెద్దోరని. వాడికి చదవడం రాదని మీరన్నారు. రుజువేంటి? మీ మాటేనా? నా దగ్గర రుజువుంది. కూర్చోండి, వెళ్ళకండి, చూపిస్తాను. ఈ బీరువాలో కాగితం పోదు. త... తా... తాతారావు గారి నాగసతీష్. ఇదిగో. పుట్టినతేదీకని తెచ్చిన మార్కుల కాగితం. ఏడో తరగతి పాసు. తెలుగులో అరవై ఎనిమిది. విన్నారా? అరవై ఎనిమిది!"

"విన్నాను."

"చదవడం రానోడికి తెలుగులో అరవై ఎనిమిదా? ఎవడేసేడండీ? నేను కెమెరా ముందు రెండు టిక్కులు కొడితే హంతకుణ్ణి. బల్ల ముందు కూర్చుని, ముద్ర గుద్ది, సంతకం పెట్టి, వీడికి చదువొచ్చిందని రాసిచ్చినోడు దొరబాబా? ఈ కాగితం చూసే కదా నేనూ నమ్మేను. వాణ్ణడగండి ముందు. వాణ్ణి తీసుకెళ్ళండి కోర్టుకి. వాడి పేరు రాసేరా మీ కాగితంలో? రాయరు. మీరూ మీరూ ఒకటి. మాలాంటోళ్ళ మీదే మీ ప్రతాపం."

"రాసేను."

"ఏంటి రాసేరు?"

"వాడి పేరే మొదట రాసేను. నీది రెండోది."

"ఎవరండీ వాడు? ఏదీ... సంతకం అలుక్కుపోయింది. ముందు 'బా'లా ఉంది. తర్వాత..."

"నీ బల్ల మీద నా దరఖాస్తులు మూడున్నాయి. పక్కన పెట్టి చూడు."

"మాస్టారూ..."

"ఆ యేడు మండలంలో నూటికి నూరూ పాసైంది మా బడి ఒక్కటే. దండేసేరు నాకు. తెలుగు పరీక్ష నాడు తెల్లకాగితం ముందు పెట్టుకుని, వాడు నాకేసి చూస్తూ కూచున్నాడు. మొహం వాడిది బాబ్జీ. చెయ్యి నాది."