మొదటి పిలుపు మనదే

"మొదటి పిలుపు మనదే గద భాయ్. ఇంక లొల్లేంది? అఖీల్ పేరు రాయి, సంతకం పెట్టు, అయిపోతది."

"రాసేదానికి నాకేం చేతులు పడిపోలేదు గంగన్నా. ముందు గోల్‌లో ఎవురు నిలబడతారో చెప్పు. తర్వాత రాస్తా."

"గోల్ సంగతి అటెన్క. ముందుగాల ఫార్వర్డ్."

రూవిలో కంపెనీ క్యాంపు, ఏడో నంబరు రూమ్. తొంభై మూడు జూలై, శుక్రవారం మధ్యాహ్నం, ఏసీ కూడా ఆయాసపడే ఎండ. మస్కట్ చుట్టుపక్కల ఆరు క్యాంపుల ఫుట్‌బాల్ టీములు చలికాలమంతా ఆడతాయి, ఎండాకాలంలో కొత్తగా దిగినవాళ్ళను పంచుకుంటాయి. పంపకానికి ఒక కట్టుబాటుంది: సీజన్‌లో ఆఖరున నిలిచిన టీమ్ మొదటి పేరు పిలవాలి. ఈసారి ఆఖరున నిలిచింది వీళ్ళే. నిజామాబాద్ మేస్త్రీ గంగాధరం టీమ్ మేనేజరు, కడప ఫక్రుద్దీన్ కెప్టెన్. పేర్ల కాగితం అయిదింటికి ఇవ్వాలి. అంతకు ముందు, నాలుగింటికి, ఒక మనిషి రావాలి. ఆ మనిషి మాట రాకుండా ఉండాలనే గంగాధరం గంట నుంచి ఫుట్‌బాల్ మాట్లాడుతున్నాడు.

"పోయిన సీజన్ల పది ఆటలల్ల ఏడు గోల్స్ కొట్టినం. పదకొండు మందికి కలిపి ఏడు. ఫార్వర్డ్‌ల ఆడే ఆ క్రేన్ డ్రైవర్‌ను చూసినవా, బంతి కాళ్ళ కాడికొస్తే హుక్కు ఎక్కడ తగిలియ్యాల్నా అని చూస్తడు. అఖీల్ హైదరాబాద్ల క్లబ్బుకు ఆడినోడు. వాడొస్తే సగం బాధ తీరుతది."

"ఆయప్ప అవతల ఒకటి కొడితే, ఇవతల మన గోల్‌లో మూడు పడతాయి. గోల్‌లో మనిషి లేడు. లిస్టులో ఫర్హాన్ అని ఉండాడు, టైల్స్ మేస్త్రీ, ఆరడుగుల మనిషి. నిన్న చూసినా, అరచేతులు చాటలంతుండాయి. మొదటి పిలుపు వానికే."

"మొదటి పిలుపు గోల్‌కీపర్‌కా? ఆరు క్యాంపులు నవ్వుతయి. ఫర్హాన్‌ను రెండో పిలుపుల తీసుకుందాం."

"రెండో పిలుపు మనకొచ్చేది ఏడో వంతుకు. మనెనకాలే పిలిచేది మవాలే క్యాంపోళ్ళు. వాళ్ళ కీపర్ లీవ్ మీద ఊరికి పోయి మళ్ళీ రాలే. ఫర్హాన్‌ను మనకోసం అట్టిపెడతారా?"

"మరి అఖీల్‌ను అట్టిపెడ్తరా?"

"పెట్టరు. అందుకే అడుగుతాండా, ఏది లేకుంటే బతకలేమో చెప్పు."

"గోల్ల ఎవడైన నిలబడ్తడు భాయ్."

"ఎవుడైనా నిలబడతాడా? వీరబ్రహ్మం ఎవుడైనానా?"

"చాయ్ తాగుతవా? సులేమానీ పెడ్త."

"వద్దు."

"లెఫ్ట్ బ్యాక్‌కు గూడ మోకాలు పోయింది. గది గూడ చూడాలె."

"ఇరవై రెండు దినాలాయ ఆయప్ప పోయి. ఈ రూములో ఆ పేరెత్తితే చాలు, నువ్వు చాయ్ అంటావు, లేకపోతే లెఫ్ట్ బ్యాక్ అంటావు."

"లెఫ్ట్ బ్యాక్ నిజంగనే కావాలె."

"ఆయమ్మ నాలుగింటికి వస్తాది. పెట్టె సర్దినావా?"

"సర్దిన. బట్టలు, ట్రాన్సిస్టర్, బ్రహ్మంగారి పటం, ఉత్తరాలు. అన్ని పెట్టిన."

"గ్లౌజులు?"

"అవి టీమ్‌వి."

"రెండేండ్లు ఆయప్ప చేతికుండినాయి."

"టీమ్‌వి అంటున్న గద. కొత్తగొచ్చే కీపర్‌కు కావాలె."

"ఇప్పుడే కదా గోల్ సంగతి అటెన్క అంటివి. గ్లౌజులకు మాత్రం కీపర్ వచ్చేసినాడా? అంజలమ్మ కండ్లలో పడకూడదని తీసినావు. అవునా కాదా?"

"ఆమెకు ఫ్లైట్ ఎప్పుడు?"

"రేపు పొద్దున. మవాలేలో ఆ ఇంటి మేడమ్ ఇప్పటికి వదిలింది. మొగుని శవం బాక్సు వెంట పోతానని కాళ్ళు పట్టుకున్యా పంపలే. కొత్త పనిమనిషి వచ్చేదాకా పాస్‌పోర్ట్ ఇయ్యలే. మొగుడు పోయినాక ఇరవై రెండు దినాలు ఆ ఇంట్లో అంట్లు తోమింది."

"గందుకే అంటున్న. గామెకు నువ్వేం చెప్పకు. ఉన్న దుఃఖం చాలదా?"

"ఏమి చెప్పకూడదు?"

"నీకు తెల్వదా."

"తెలుసు. నీ నోటితో వినాల."

గంగాధరం వినిపించుకోనట్టు లెఫ్ట్ బ్యాక్ గురించి మొదలుపెట్టాడు. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, సోహార్ నుంచి వచ్చిన ప్లంబర్‌ను హాఫ్‌లో వేస్తే ఎలా ఉంటుంది, అన్నీ ఏకరువు పెట్టాడు. ఫక్రుద్దీన్ పెన్ను కాగితం మీద పెట్టి ఒక్క అక్షరమూ రాయలేదు. ఆఖరికి గంగాధరం మాటలు వాటంతట అవే అయిపోయాయి.

"నేనే చెప్పిన. సరేనా? ఆఖరి ఆట గెలిస్తే అయిదో నంబర్ల ఉంటం, ఓడితే ఆరు. ఆరైతే మొదటి పిలుపు మనది, అఖీల్ మనోడైతడు. అయిదో నంబర్ల ఉండి ఏం పీకుతం అనుకున్న. గ్రౌండ్‌కు పోయేటప్పుడు బస్సుల వాని పక్కన కూసున్న. వీరన్నా, ఇయ్యాల నాలుగు వదులు అన్న."

"ఏమన్యాడు?"

"ఏమనలే. గ్లౌజులు తొడుక్కుంటున్నడు. చిన్నగ నవ్విండు."

"కెప్టెన్ నేను. నాకు ఆటయినాక చెప్తివి."

"ముందుగాల చెప్తే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోకపోదును... అబద్ధమేమిటికిలే. ఒప్పుకుందునేమో."

"ఎంత మంచిగ చేసిండు భాయ్. ఎవ్వనికి అనుమానం రాలే. నాలుగు గోల్స్, నాలుగూ ఎడమ దిక్కే. బంతి మీదికొచ్చేదాక కదలడు. వచ్చినంక దుంకుతడు, ఇంతంత ఆలస్యంగ. మోచేతులు గీక్కపోయి నెత్తురొచ్చింది. నాటకాలల్ల వేషం కట్టెటోడు గూడ గట్ల చెయ్యడు. ఆటయినంక భుజం తట్టిన, శెభాష్ వీరన్నా అని."

"నేనూ తట్టినా."

"ఇంజనీర్ అందరి ముంగట తిట్టిండు వాన్ని. ఆట కోసమని స్టోర్ల నీడపట్టు డ్యూటీ ఇచ్చిన, ఆటనే రానోనికి స్టోర్ ఎందుకన్నడు. తెల్లారి సువైక్‌కు పంపిండు, పైప్‌లైన్ సైట్‌కు. నేను ఆఫీస్‌కు పోయి ఒక్క మాట అంటే అయిపోతుండె. సార్, నేనే ఓడమన్న అని. పోలే. రెండు వారాలైతే ఇంజనీర్ చల్లబడ్తడు, అప్పుడు అడుగుదాం అనుకున్న."

"నేనూ పోలే."

"నీది వేరు. నీకు వెనక తెలిసింది."

"తెలిసినాక రెండు నెలలుండె గదన్నా, నాకు నోరు లేకపోయిందా?"

"నన్ను తినేది గది గాదు భాయ్."

"మరింకేంది?"

"సువైక్ సైట్ల ఉన్నోళ్ళను అడిగిన. నీళ్ళ ట్యాంకర్ రివర్స్‌ల వచ్చిందట. మెల్లగనే వచ్చిందట. జనరేటర్ మోతల హారన్ ఎవ్వరికి ఇనపడలే. చూసి అందరు పక్కకు జరిగిన్రు. వాడొక్కడు నిలబడ్డడు. ఎందుకు నిలబడ్డడు?"

"పనిలో ఉండి చూసుకోకుండా ఉంటాడు."

"పని ఆపి పారపట్టుకొని నిలబడ్డడట. ఎడమ పక్క నుంచి ఇల్లంత ట్యాంకర్ వస్తుంటే చూసుకోడా? సిగ్గుతోని నిలబడ్డడు భాయ్. రెండేండ్లు గోల్ల గోడ లెక్క నిలబడ్డోడు, నా మాట మీద నాలుగు వదిలి, అందరి ముంగట తిట్లు తిని, ఎండల మట్టి తీసుకుంట... వాని మనసు ఇరిగింది. కావాల్నని నిలబడ్డడు. నాకు తెలుసు."

"అంత మాట అనొద్దు."

"నువ్వే చెప్పు, ఉత్తగ అంటున్ననా?"

"...చివరిసారి రూముకు వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఉత్తరం నాతో చదివించుకున్యాడు. తల నొస్తాంది భాయ్, నువ్వే చదువు అన్యాడు. ఇంటర్ చదివిన మనిషి. ముందు ఎవురి ఉత్తరమైనా తనే చదివి పెడతాండె."

"చూసినవా. అమ్మ రాసింది చదువుకునే మనసు గూడ లేకుండె వానికి."

"అట్లే ఉందిలే."

"ఇప్పుడు ఆమె వస్తది. చెప్తే ఏమైతది? నీ మొగుడు నా వల్ల పోయిండు చెల్లె, ఇగో నీ పెట్టె, సల్లగ పోయిరా అనాల్నా?"

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నేను సచ్చేదాక మింగలేను, కక్కలేను."

"అయితే నువ్వే తేల్చుకో. రేపటి ఫ్లైట్ ఎక్కితే ఆయమ్మ మళ్ళీ నీకు కనపడదు."

"ముందు పేరు రాయి భాయ్. అఖీల్ అని రాయి. వానికోసమే గదా ఇదంత అయింది. వాన్ని గూడ తీసుకోకుంటే వీరన్న ఉత్తగనే పోయినట్టు."

"తీసుకుంటే ఉత్తగా పోనట్టా?"

ఎవరో తలుపు తట్టారు. కొంగు భుజం నిండా కప్పుకొని, అంజలి గడప అవతలే నిలబడింది.

"గంగన్నా, ఉండారా?"

"రా చెల్లె. లోపటికి రా, కూసో."

"కూచోనన్నా. కింద డ్రైవర్ ఉండాడు, పది నిమిషాల్లో రమ్మన్యాడు. పెట్టె ఇదేనా?"

"ఇదే. నేను దింపుత, నువ్వు పట్టకు."

"ఏం రాస్తాండారు ఫక్రన్నా? ఆటకేనా?"

"ఆటకేనమ్మా. ఊరికే... పేర్లు."

"ఆయన జాగాలో ఎవుర్ని పెడతాండారు?"

"ఇంకా అనుకోలేదమ్మా."

"మంచోన్ని పెట్టండి. ఆయనకు ఆ ఆట అంటే పానం."

"చెల్లె, నీకో మాట చెప్పాలె."

"గంగన్నా, ఆయమ్మకు టైము లేదు. పెట్టె దించుదాం పా."

"ఉండు భాయ్. ఇందాక చెప్పు చెప్పు అంటివి, ఇప్పుడు ఆపుతున్నవు."

"ఆయమ్మ మొఖం చూసినాక ఆపుతాండా."

"నేను గూడ మొఖం చూసినంకనే చెప్తున్న. చెల్లె, ఆఖరి ఆటల మనకు నాలుగు గోల్స్ పడ్డయి. వీరన్న చేతగాక పడినయి కావు. నేనే వదలమన్న. ఆట ఓడితే మంచి ప్లేయర్ వస్తడని నాకు ఆశ పుట్టింది. గందుకే ఇంజనీర్ వాన్ని సువైక్‌కు తోలిండు. గా సిగ్గుతోనే వాడు ట్యాంకర్ వస్తున్నా జరగకుండ నిలబడ్డడు. నా వల్లనే. చెప్పు తీస్కొని కొట్టు, పడ్త."

"వదలమన్యావని నాకు తెలుసున్నా."

"తెలుసా?"

"ఆట అయిన మర్సటి శుక్రవారం మవాలేకు వచ్చినాడు. గేటు కాడ నిలబడి చెప్పినాడు, గంగన్న నాలుగు వదలమన్యాడు అంజలీ అని."

"నన్ను తిట్టిండా?"

"లేదు. నవ్వినాడు. నేను యాడ వదిలినా అన్యాడు."

"ఏందది? నాకు సమజైతలేదు."

"నీ మాట వినకూడదని బస్సులోనే అనుకున్యాడంటన్నా. ఒక్కటి కూడా పోనీకూడదనే గోల్‌లో నిలబడినాడంట. ఆయనకు ఎడమ కన్ను ఉగాదికి ముందరే పోయింది. రెండోది మసక. మెడికల్‌లో తెలిస్తే అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపిస్తారని, ఎవురికీ చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్యాడు."

"మరి ఆ దుంకుడు... అంత ఆలస్యంగ..."

"మీదికొచ్చినాకనే బంతి కనపడేది."

"అమ్మా, అందుకేనా ఉత్తరం నాతో చదివించుకున్యాడు?"

"అందుకే ఫక్రన్నా."

"మేము భుజం తట్టినం చెల్లె. శెభాష్ అన్నం."

"ఆ మాటే చెప్పి మురిసిపోయినాడన్నా. నాలుగు బంతులు కనపడకుండా పోయినా, ఏమైంది వీరా నీకు అని ఒక్కరూ అడగలే, గంగన్న ఓడమన్యాడు కాబట్టి బతికిపోయినా, ఈ కన్ను సంగతి ఇంక ఎవురికీ తెలీదు అన్యాడు."