చెయ్యి తీసేసినవాడు

కాపలా ముసలాయనది తెలుగే కదా, నువ్వే మాట్లాడు అని స్నేహితులు తమలోని తెలుగు కుర్రాణ్ణి మలాయి దేశంలోని ఆ ఆసుపత్రి వార్డులోకి పంపారు. పెద్దింటి పిల్లలైన ఆ స్నేహితులందరూ కింద మోటారుసైకిళ్ల మీద ఎదురుచూస్తున్నారు.

“కాలు జారి పడినానని ఈ కాగితం మీద సంతకం పెట్టండి, తాతా. ఇది పంపినవాళ్ల నాన్నలు పెద్దవాళ్లు.”

“జారనేదు బాబూ. గేటు కాడ నన్ను చెత్తడబ్బాలో కుదేసి, వాలులోకి దొర్లించినారు. ఆటంట.”

“వాళ్లని గుర్తుపడతారా?”

“అందరికీ హెల్మెట్లే. మలాయి బాసలో బతిమాలినాను, ఆగనేదు. ‘అమ్మా, సచ్చిపోతాను’ అని మన మాటలో ఏడిసీసరికి, ఒకడు డబ్బా మీంచి సెయ్యి తీసేసినాడు.”

కుర్రాడు తన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“అయితే... వాడు మంచోడే కదా తాతా?”

“నేనూ అలాగే అనుకున్నాను. మిగతావోళ్లు ఆడి వేపు సూసినారు. అప్పుడు అందరికన్నా గట్టిగా నవ్వినాడు.”

కింద నుంచి హారన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

“నేను వెళ్లాలి తాతా. సంతకం?”

“పెడతాను, కాగితం ఇలాగియ్యి. ముందొకపాలి నవ్వు బాబూ, ఇంటాను.”