అడ్డుతెర దాటిన లెన్సు

రా మావా, రా. అటు కూర్చోకు, ఆ బల్ల కాలు ఊగతాది. ఇలగ నా పక్కకొచ్చి కూర్చో. కూర్మమ్మప్పా, నారాయణమూర్తి మావకి ఓ టీ, అల్లం గట్టిగా దంచి ఎయ్యి. నీ కూతురు యమున పెళ్లి ఫొటోలు ఎవులికి అప్పజెప్పాలా అని సాలూరంతా అడుగుతన్నావట గదా మావా. తువ్వాలు మూటలో ఆకూ వక్కా పెట్టుకుని మరీ తిరుగుతన్నావట. ఆ తాంబూలం ఎవుడి సేతిలో పడితే ఆడిదే పెళ్లి. విజీనారం కుర్రోడెవుడో పేద్ద తెల్ల లెన్సు అట్టుకొచ్చి నీకు సూపించినాడని కూడా తెలిసినాది. సూపించనీ. పొడుగుంటే సరా మావా, పొట్లకాయ కూడా పొడుగే.

ఉండప్పా, ఆ కేలండరు ముట్టుకోకు. నిరుటిదైతే ఏటి, నా స్టూడియో పేరుతో నాను అచ్చేయించి ఇచ్చినాను, దేవుడి బొమ్మున్నాది, గోడకి అందంగా ఉన్నాది. నాను దానికి ఆనుకుని కూర్చుంటే నీకేటి నష్టం.

ఏటి సెప్తన్నాను? ఆఁ, లెన్సు. ఓ పక్క ఖైనీ నలుపుకుంటాను, నువ్వు ఇంటూ ఉండు.

నా కాడ రెండున్నాయి. కెమేరాతో పాటు వచ్చిన కిట్టు లెన్సొకటి, తర్వాత కొన్న ఎనభై అయిదు ఎమ్మెమ్ముదొకటి. ఏది షార్పో తేల్చాలని ఈ కొట్టు గోడకే పేపరు అంటించి, స్టాండు మీద కెమేరా పెట్టి, అదే దూరం నుంచి, అదే ఎలుతురులో, రెండింటితోనూ కొట్టినాను. కిట్టుతో తీసిందాన్లో అక్షరాలు నానిపోయిన మరమరాల్లాగున్నాయి. ఎనభై అయిదుతో తీసిందాన్లో అడుగున సన్నక్షరాల్లో ఎవుడో సర్టిఫికెట్టు పారేసుకున్నానని ఏయించిన ప్రకటన కూడా సదివేసినాను. అబద్ధమంతావేమో, కూర్మమ్మప్పనడుగు.

“పేపరంటించిన మాట నిజమే రమేష్‌బాబూ,” అంది కూర్మమ్మ టీ వడకడుతూ. “మైదా పిండి నాదే.”

ఇన్నావా. ఆ తర్వాత ఏటైందో తెలుసా? పేపరు కదల్దు గదా, కదిలేదాన్ని కొడితేనే లెన్సు సంగతి తెలస్తాదని రోడ్డు మీదకెల్లి నిలబడినాను. సుంకి ఘాటీ కేసి ఓ లారీ ఎల్తంది. ఎనకాల నుంచి ఒక్కటంటే ఒక్కటి కొట్టినాను. ఇంటికొచ్చి పెద్దది సేసి సూద్దును గదా, నంబరు ప్లేటు కనిపించినాది, సరే, అది ఎవుడికైనా కనిపిస్తాది. ఎనక టైరు గాడిలో ఇరుక్కున్న మేకు కనిపించినాది. మేకు మీద తుప్పు కనిపించినాది. ఎంటనే లారీ ఎనకాల రాసున్న ఫోన్ నంబరుకి ఫోన్ కొట్టి, ఒరే, ఎడమేపు టైరు, బేగి ఆపి సూసుకో అన్నాను. ఆపి సూస్తే ఉన్నాది.

“ఆ లారీ ఎవులిది?” అన్నాడు పక్కబల్ల మీద వెంకీ. అతను రోజూ ఆ ఘాటీలో లారీ తోలేవాడే.

ఒడిశా బండిలే, నీకు తెల్దు. పెద్దోలు మాటాడతంటే ఒల్లకోరా. అదే ఫొటోలో పక్కద్దం ఉన్నాదా, అద్దంలో డ్రైవరు మొకం ఉన్నాదా, ఆడు నవ్వుతన్నాడు. పన్ను పెద్దది సేసినాను. పన్ను సందులో ఆవగింజ. అంటే పులిహోర తిన్నాడన్నమాట. ఆ ఆవగింజ ఏగిన తీరు సూసి ఏ హోటల్లో తిన్నాడో కూడా సెప్పేసినాను. తాగు మావా, టీ సల్లారిపోతంది.

“మరి ఫోకసో?” అన్నాడు నారాయణమూర్తి. “ఆ కుర్రోడు ఫోకసే ముఖ్యమన్నాడు. నాకున్నది ఒక్క కూతురు. పీటల మీద దాని మొకం మసగ్గా పడితే మల్లీ పెళ్లి సెయ్యలేను గదా.”

అదీ మాట. అదే అడగాల. లెన్సు ఎంత షార్పైనా ఫోకసు తప్పితే ఏటి లాభం. ఆ తెల్ల లెన్సులు సూడు, గుర్రు గుర్రుమని ముందుకీ ఎనక్కీ ఎతుక్కుంటాయి, తప్పిపోయిన మేకని ఎతికినట్టు. నా ఎనభై అయిదు అలగ కాదు. కన్ను కనిపిస్తే సాలు, టక్కున పట్టేస్తాది. పట్టినాక వదల్దు. దాంతో వచ్చిన తంటా కూడా అదే. అద్దంలో ఆ లారీ డ్రైవరు కన్ను పట్టినాది గదా, లారీ ఘాటీ ఎక్కిపోనాది, మలుపులు తిరిగిపోనాది, లెన్సు మాత్రం ఆణ్ని వదల్లేదు. కెమేరా ఆపేసినాను, వదల్లేదు. బేటరీ పీకేసినాను, వదల్లేదు. సంచిలో పెట్టి జిప్పేస్తే, సంచే కొండల కేసి తిరిగిపోతంది. మర్నాడు ఆడు కోరాపుట్‌లో సరుకు దించేసి, నా స్టూడియో ముందు లారీ ఆపి, బాబూ, దారంతా నా ఎనకమెడ మీద ఎవుడో సూస్తన్నట్టు ఒకటే దురద, నన్ను వదిలెయ్ అని దండం పెట్టినాడు. మూత తీసి ఆడి మొకం దానికి ఎదురుగా సూపించినాను. అప్పుడు వదిలినాది.

వెంకీకి టీ అడ్డం పడి దగ్గు తెర కమ్మింది.

దగ్గుకో, దగ్గుకో. లారీ సంగతి ఒగ్గేద్దాం మావా, పెళ్లిలో అసలైన ఫొటో ఏదో సెప్పు. జీలకర్రా బెల్లం పెట్టినాక అడ్డుతెర దించుతారు సూడు, అప్పుడు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకర్నొకరు సూసుకుంటారే, అదీ. రెప్పపాటు. తెర దిగినాక ఎతుక్కుంటే అయిపోనట్టే. నాను అంతదాకా ఆగను. తెర ఇంకా అడ్డంగా ఉండగానే లెన్సెత్తినాను. అది గుడ్డలో నుంచి దూరిపోయి అవతలున్న పెళ్లికూతురు కన్ను పట్టేసినాది. తెర దిగడం, నాను నొక్కడం. ఆ ఫొటోలో పెళ్లికూతురు కన్ను పెద్దది సేస్తే అందులో పెళ్లికొడుకున్నాడు. ఆడి కన్ను పెద్దది సేస్తే అందులో పెళ్లికూతురు. దాని కన్నులో మల్లీ ఆడు. అలగ లోపలికి ఎల్తూ ఎల్తూ ఉంటే ఆకర్న ఓ గుంటడు కనిపించినాడు. ఎవుడీ గుంటడు, ఈణ్ని మనం పిలవలేదే అని రెండేపులోలూ ఒకల మొకాలు ఒకలు సూసుకున్నారు. ఏడాది తిరక్కుండా పుట్టినాడు. అదే మొకం, అదే పుట్టుమచ్చ.

నారాయణమూర్తి తువ్వాలు మూట విప్పి, ఆకులు ఒళ్లో పెట్టుకున్నాడు. అది ఎవరి పెళ్లని నెమ్మదిగా అడిగాడు.

ఎవులిదో ఏటి మావా, మన కూర్మమ్మప్ప కూతురు నీలవేణి పెళ్లే గదా.

అనేశాక రమేష్‌బాబు నాలిక కరుచుకున్నాడు. కూర్మమ్మ గిన్నె దించింది. చేతులు చెంగుకు తుడుచుకుని వచ్చి, లే తమ్ముడూ అంది. అతను లేవలేదు. భుజం పట్టుకుని పక్కకు జరిపి, మేకుకున్న కేలండరు తీసేసింది. దాని వెనక అదే మేకుకి ఫ్రేము కట్టిన ఫొటో వేలాడుతోంది.

“ఇదే బావా ఆ ఫొటో,” అంది నారాయణమూర్తితో. “ఇది గోడెక్కిన నాడే ఈడు కేలండరు తెచ్చి దీని మీద తగిలించినాడు.”

నారాయణమూర్తి కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్లాడు. పసుపు ముద్దలా ఒకటి, సున్నపు ముద్దలా ఇంకొకటి. పసుపు ముద్ద నీలవేణి, రెండోది పెళ్లికొడుకు. వాళ్ల మధ్య దిగుతున్న తెర అంచు, ఆ అంచును పట్టుకున్న ఒక బొటనవేలు మాత్రం బ్రహ్మాండంగా పడ్డాయి. గోటి మీద గీతలు లెక్కపెట్టుకోవచ్చు. గోటి కింద ఖైనీ సున్నం కూడా ఉంది.

“ఈ ఏలు ఎవులిది?”

“మా తమ్ముడు అప్పలసూరిది. మేనమావ గదా, ఆడే తెర అట్టుకున్నాడు.” కూర్మమ్మ ఫొటో మీది దుమ్ము చెంగుతో తుడిచింది. “నాను పీటల ఎనకాలుండిపోనాను బావా. నా కూతురు మొగుణ్ని సూసి నవ్వినాదో ఏడ్సినాదో నాకు తెల్దు. ఫొటోలో సూసుకుందాం లెమ్మనుకున్నాను.”

వెంకీ గ్లాసు బల్ల మీద పెట్టి, లేచొచ్చి ఫొటోలోకి తొంగి చూశాడు.

షార్పు షార్పే గదా మావా, ఆ గోటి గీతలు సూడు, అని రమేష్‌బాబు గొణిగాడు. ఈసారి గొంతు బల్ల దాటి రాలేదు.

నారాయణమూర్తి ఆకులు సర్ది, పైన రెండు వక్కలు పెట్టి అతని ముందుకు చాచాడు. రమేష్‌బాబు మొహం విప్పారింది. ఖైనీ నోట్లో వేసుకుని, అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, రెండు చేతులతో తాంబూలం అందుకున్నాడు.

“ఫొటోలు ఆ విజీనారం కుర్రోడే తీస్తాడు అల్లుడూ,” అన్నాడు నారాయణమూర్తి. “మా యమునకి మేనమావల్లేరు. అడ్డుతెర అట్టుకోడానికి మడిసి కావాల. నువ్వట్టుకో.”

అందుకున్న తాంబూలం తిరిగివ్వడానికి లేదు. కూర్మమ్మ కేలండరు చుట్టి అతని చంకలో పెట్టి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది.

“గోళ్లు కడుక్కుని ఎల్లు తమ్ముడూ,” అంది. “ఆ కుర్రోడి లెన్సు ఎక్కడ పడతాదో ఏటో.”