లారీ కుట్టు

థూ, ఆ సముద్రం కాడిది ఒక ఊరా టీచరమ్మా. యాడ సూడు ఉప్పు. గోడకు ఉప్పు, తలుపు గడియకు ఉప్పు, ఆరేసిన దుప్పటికి ఉప్పు. తాగే నీళ్లు కూడా ఉప్పే. తిరిగి ఇంటికి వచ్చి నాలుగు దినాలైంది, ఇంగా నాలిక మీద ఆ రుచి పోలేదు.

వద్దు, చాయ్ పెట్టొద్దు. ఆదోని నుంచి ఈ ఎమ్మిగనూరు దాకా బస్సులో నిలబడే వచ్చినా, కాళ్లు గుంజుతాండాయి. రొంత కూసుంటా, అంతే. పత్తి లారీల సీజను, ఆడ నా మిషను కాడ కుట్టాల్సిన టార్పాళ్లు కుప్ప పడుండాయి. ఇందిరాబాయి టీచరమ్మతో రాయించుకోని వస్తానని పాపకు సెప్పి కొట్టుకు తాళం ఏసి వచ్చినా.

ఇదిగో, ఇదీ కాగితం. ఇంగ్లీషులో ఉండాది. మా ఇర్ఫాన ఒగసారి సదివి సెప్పింది. మల్ల సెప్పమంటే సెప్పలేదు. నువ్వు తెరసాపను మార్చి కుట్టినావు, పందెంలో మోసం సేసినావు, నీ పందేలన్నీ కొట్టేసినాము, రెండేండ్లు పడవ ముట్టుకోకూడదు, హాస్టలు ఖాళీ సెయ్యి. సెప్పుకునేది ఏమన్నా ఉంటే శుక్రవారం లోపల రాసి పంపు. ఇంతే గదా? సరిగ్గా సూడండి. ఇంతే గదా?

మోసమంట. పదిహేడేండ్ల పిల్లను పట్టుకోని ఆ మాట అనేదానికి వాళ్లకు నోరెట్ల వచ్చిందో.

నాకెంత మండిందో మీకూ అంతే మండాల టీచరమ్మా. తుంగభద్ర కాలవలో ఈదే పిల్లను సూసి, ఇది నీళ్లకు బెదరదు, సముద్రం క్లబ్బోళ్లు ఊరికే పడవ నేర్పిస్తారు, తిండి పెట్టి సదివిస్తారు అని పంపించింది మీరే గదా. నేను వద్దంటే మూడు సార్లు ఆదోనికి వచ్చి నా మిషను ముందర కూసున్నారు. తప్పు పట్టేది లేదు. జరిగింది సెప్తాండా.

కాబట్టి మీరే రాయాల. బాగా గట్టిగా రాయండి. పెద్దోళ్ల పిల్లలకు పేరు రావల్లని మా పిల్లను తొక్కినారు అని రాయండి. ఎండు నేల మీద పుట్టిన పిల్ల మీ పిల్లల్ని దాటి పోతాంటే ఓర్సుకోలేకపోయినారు అని రాయండి. ఇంగ్లీషులో ఎట్లుంటే బాగా తగుల్తాదో అట్ల.

అసలు అదేమి పందెమో నాకు ఇప్పటికీ తలకెక్కలేదు. నీళ్లలో తేలేటట్ల మూడు ఎర్ర బుడ్డలు కట్టింటారు. ఒగ్గొగ పడవలో ఒగ్గొగ పిల్ల. పడవంటే మన గొడ్లు నీళ్లు తాగే తొట్టి ఉంటాది సూడండి, అంత. దానికొక గుంజ, గుంజకొక తెరసాప. గాలి ఎటు నుంచి వస్తాదో అటే పోవల్లంట. నేరుగా పోనియ్యదు గదా గాలి, ఇట్ల అడ్డంగా, మల్ల అట్ల అడ్డంగా, తాగినోడు ఇంటికి పోయినట్ల పోతారు. పోయి, బుడ్డలు సుట్టుకోని, యాడ బయల్దేరినారో ఆడికే వస్తారు. దీనికి ఈలలు, జెండాలు, చప్పట్లు. బయల్దేరిన తావుకే వచ్చేదానికి అంత సలిలో పోవల్లనా?

జనవరి సలి. మన సలి కాదు అది, తడి సలి, ఎముకలో దూరేది. పొద్దున్నే పిల్లల్ని నీళ్లలోకి తోస్తారు. తడిసిన బట్టల మీదనే మధ్యాన్నం దాకా. మా పాప పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగినాయి. ఒడ్డు మీదేమో తల్లిదండ్రులు నల్లద్దాలు పెట్టుకోని, ఫ్లాస్కుల్లో కాఫీ తాగుతా కూసోనుంటారు. ఒగాయమ్మ కుక్కకు స్వెటర్ ఏసింది టీచరమ్మా. ఆ కుక్కకు బిస్కెట్టు పెడతా నన్ను అడిగింది, ఆదోని అంటే యాడ, కర్ణాటకలోనా అని. తిండి సంగతి అడగొద్దు. పప్పులో సక్కెర ఏసినారు. జొన్నరొట్టె, శెనిక్కాయల పొడి మూట కట్టుకోని పోయింటి కాబట్టి బతికినా.

నవ్వొద్దు. నాకు నవ్వు రాదు.

మొదటి దినం మూడు పందేలు. మా ఇర్ఫాన రెండోది, మూడోది, మల్ల రెండోది. పదహారు మందిలో. మొదటి ముగ్గురినే ఏరి పై పోటీలకు పంపిస్తారు, దేశం మొత్తం పోటీలకు. ఆడికి పోయి వస్తే కాలేజీ సీటు దానంతటదే వస్తాదని మీరు సెప్పిన మాటే గదా. అప్పటి దాకా తిట్టుకుంటా కూసున్నదాన్ని, ఆ మధ్యాన్నం లేసి పోయి ఆ కుక్కాయమ్మకు సెప్పినా, అదిగో ఆ రెండో పడవలోది నా కూతురే అని.

రెండో దినం ఇంగ మూడు. పద్నాలుగు, పదహైదు, పద్నాలుగు.

ఏమైందంటే ఏమి సెప్పల్ల. పోలేదు పడవ. అదే పిల్ల, అదే సముద్రం, ముందు దినం కంటే మంచి గాలి. అందరూ ముందర పోతాంటే మాది నీళ్లలో నాటినట్ల నిలబడింది. ఆ సాయంత్రం కొలతల సారంట, ఒగాయప్ప వచ్చినాడు. అన్ని సాపలూ ఒగే మాదిరి ఉండల్లంట, వేలెడు కూడా మార్చకూడదంట. గడ్డి మీద అన్నిటినీ పరిపించి టేపు పెట్టుకుంటా వచ్చి మా దాని కాడ ఆగినాడు. మోకాళ్ల మీద కూసోని వేలితో తడిమి సూసి, ఎవరు కుట్టారమ్మా ఇది అన్నాడు.

నేనే సార్ అనింది మా పాప.

ఎందుకు అన్నాడు. పడవ బిర్న, ఇంగా జోరుగా పోతాదనుకున్నా సార్ అనింది.

అంతే టీచరమ్మా. ఒప్పుకునిందంట, రాసుకున్నారంట, అయిపోయిందంట. బెదిరి అనింటాది. అంతమంది సుట్టూ నిలబడుంటే ఏ పిల్లయినా బెదరదా? మీరు అదే రాయండి, బెదిరి ఒప్పుకునింది అని.

ఫోటోనా? ఆ, ఎనక కాగితం మీద వేసినారు. సాక్ష్యమంట. దాంట్లో సూసేదేముంది, ఉత్త గుడ్డ. మీరు కాగితం రాయండి, శుక్రవారమంటే ఎల్లుండే.

అంత దగ్గరగా పెట్టుకోని సూడాల్సిన పనేమి?

పైకి యాల సూస్తాండారు టీచరమ్మా. మీ మిద్దె మీద మిరపకాయలు ఎండబోసే టార్పాలు నేనే కుట్టిచ్చినా, అవును. మైనం దారం, రెండు వరసలు, మూల మూలకు అడ్డం ముడి. ఎవురు కుట్టినా అట్లనే కుడతారు.

కుట్టరు. ఆదోనిలో మా ఆయన మస్తాన్ వలి ఒగడే అట్ల కుట్టేది, ఆయన పోయినాక నేను. లారీ కుట్టు అంటారు దాన్ని. నలభై మూటల పత్తి మీద కట్టి గుంటూరు దాకా పోయినా ఒగ పోగు లేవదు.

మీకు తెలిసిపోయింది గదా. ఇంగేమి అడుగుతారు.

మొదటి దినం పందేలు అయినాక సాపను గడ్డి మీద ఆరేసినారు. అంచు కాడ జానెడు సిరిగింది. పాప అనింది, పొద్దున క్లబ్బు మనిషి వచ్చి అతికిస్తాడు అమ్మీ, నువ్వు ముట్టుకోవాకు అని. సెప్పి స్నానానికి, మల్ల కోచ్ సారు మీటింగుకు పోయింది. ముట్టుకోవద్దు అంటే నేను ముట్టుకోకుండా ఉంటానా? దబ్బనం, అరచేతికి కట్టుకునే తోలు, దారం లేకుండా నేను ఊరు దాటింది లేదు. కూసోని ఆ సిరుగు కుట్టినా. ఆడితో లేసింటే సరిపోతాండె.

ఆ గుడ్డను సూస్తే నాకు అసయ్యమేసింది టీచరమ్మా. నిజం. నడుమంతా వదులు. నాలుగు మూలలూ లాగి పట్టినా నడుమ ఉబ్బుకోనే ఉంటాది, సదునుగా పరుసుకోదు. ఎవుడు కుట్టినాడో, సేతకాని వెదవ కుట్టినాడు, మా పిల్ల పేదదని సచ్చు గుడ్డ ఇచ్చినారు అనుకున్నా. లారీ మీద ఆ వదులు ఉంటే వాన నీళ్లు నిలబడి సరుకంతా నానిపోతాది. మా ఆయన నాకు మొట్టమొదట నేర్పిందే అది, వదులు ఉండకూడదు అని. రెండు అతుకులు పట్టుకోని, లోపలికి మడిసి, లాగి కుట్టినా. సాయంత్రం అసర్ నమాజు కాడ మొదలుపెట్టి, పొద్దు మునిగి మగ్రిబ్ అయ్యే లోపల ముగించినా. అరసేతితో సరిస్తే బండ మాదిరి ఉండింది. ఎంత సంతోషపడినానో.

వదులు కాదంట అది. కోచ్ సారు పాపతో అంటాంటే విన్నా, సాప కడుపు తీసేశావు కదమ్మా అని. ఆ ఉబ్బులోనే గాలి కూసుంటాదంట, అదే పడవను లాగుతాదంట. కావాలనే వంపు పెట్టి కోసి కుడతారంట. సదునుగా ఉంటే గాలి జారిపోతాదంట. నాకేమి తెలుసు. గాలిని పట్టేదానికి గుడ్డ కుట్టేవాళ్లు ఉంటారని నాకేమి తెలుసు, గాలికి లేవకుండా కుట్టడం తప్ప.

తెలీక సేసింది తప్పు కాదంటారా? అంటారు మీరు, మంచి మనిషి. ఆగండి, ఇంగా ఉండాది.

కొలతల సారు ఎవరు కుట్టారు అని అడిగినప్పుడు నేను యాడుండానో తెలుసునా? కంచె ఇవతల, పది అడుగులు. మా పాప తలెత్తి నన్ను సూసింది. సూసి, నేనే సార్ అనింది. నేను కంచె తీగ పట్టుకోని నిలబడినా. నోరు తెరవలేదు.

భాష రాక నోరు తెరవలేదు అని ఇంట్లో నాకు నేనే సెప్పుకున్నా. అబద్ధం. ఆయప్ప తెలుగులోనే అడిగినాడు. నేను అనాల్సింది ఒగ మాట, నేను కుట్టినా సారూ అని. రాలేదు. యాల రాలేదంటే, ఇరవై ఏండ్లలో ఒగ లారీవాడు కూడా నా కుట్టు బాగలేదని ఎనక్కి తేలేదు. ఆ నల్లద్దాలోళ్ల ముందర, ఆ కుక్కాయమ్మ ముందర, నా కుట్టు తప్పు అని నా నోటితో నేను ఒప్పుకోవల్ల. నా కూతురు దొంగ అయిపోతాంటే నేను నా కుట్టు మర్యాద సూసుకుంటి. తల్లినంట.

తిరిగి వస్తా గుంతకల్లులో రైలు మారేటప్పుడు నేనే పాపను అడిగినా, పొద్దున సాప పైకి లాగినప్పుడు సూడలేదా నువ్వు అని. సూసినా అమ్మీ అనింది. లాగిన వెంటనే తెలిసిందా అంటే తెలిసింది అనింది. మరి కోచ్ సారుకు సెప్పి ఇంగొగటి తీసుకోకుండా యాల కట్టుకోని పోయినావే అంటే, నువ్వు ఒడ్డున నిలబడి దాన్నే సూస్తా నవ్వుతాంటివి గదా అనింది.

తెలిసి పోయింది టీచరమ్మా. ఓడిపోతానని తెలిసే కట్టుకోని పోయింది. దేశం పోటీలను, కాలేజీ సీటును ఆ నీళ్లలో ఇడిసిపెట్టి, మూడు సార్లు ఆ బుడ్డల సుట్టూ తిరిగి వచ్చింది, ఎనకబడిన పిల్లలతో.

ఇంతసేపు ఆ ఊరిని తిట్టినా, ఆ నీళ్లను తిట్టినా, సక్కెర పప్పును తిట్టినా. నన్ను సూస్తేనే నాకు అసయ్యం. పొద్దున మొగం కడుక్కునేటప్పుడు అద్దం తిప్పి పెట్టినా.

నీళ్లు ఇయ్యండి రొంత.

కాగితం తీసుకోండి. ఇంగ్లీషు వద్దు, తెలుగులోనే రాయండి. పెద్దోళ్ల పిల్లలు, తొక్కడం, అవేమీ వద్దు. నా పేరు కూడా పైన వద్దు, కింద పెడదాం. మొట్టమొదట ఇట్ల రాయండి. నా కూతురు ఇర్ఫాన మీకు అబద్ధం సెప్పింది.

అదే రాయండి. అది రాయకపోతే వాళ్లు నమ్మరు. ఆ సాప కుట్టింది నేను, దానికి తెలీకుండా కుట్టినా. రాసినారా? మీ కొలతల సారు అడిగినప్పుడు నేను పది అడుగుల దూరంలో నిలబడి విన్నా. నా కుట్టుకు సెడ్డ పేరు వస్తాదని ఊరికే ఉన్నా.

సదవండి ఒగసారి.

భయపడి ఊరికే ఉన్నా అని రాసినారా? భయం అని నేను సెప్పలేదే. కొట్టెయ్యండి ఆ మాట. మర్యాదగా మార్చొద్దు టీచరమ్మా, నేను సెప్పినట్లనే ఉండనియ్యండి.