మెలిక బాగుందన్నందుకు

ఏంటి యేసుపాదం అయ్యగారూ, తప్పు ఒప్పుకోవాలా? ఏం తప్పండీ? దర్శి నుంచి గుంటూరు దాకా మా అల్లుడి మాట మోసుకొచ్చారు, కాదనను. నా కూతురు చేసిన తప్పేంటో ఆ ఒక్క ముక్క చెప్పండి ముందు.

కూర్చోండి. దగ్గొస్తోందా? మిరపకాయల ఘాటండీ. పొద్దస్తమానం తొడిమలు తీసే పని కదా, చీరకే పట్టేసి ఉంటది. కాసిని నీళ్ళు తాగండి.

అల్లుడు ప్రభు ఏం చెప్పాడు మీకు? ఫోన్లో మొగాళ్ళతో మాట్లాడుద్దనా? అనుకున్నా!

అది ఆడింది ఆటండీ. ఆటంటే పిల్లలాట కాదు. షారోన్ బీఎస్సీ చదివింది, మీకు తెలుసుగా, చర్చిలో దాని పెళ్ళి చేయించింది మీరే. ఆర్ఎన్ఏ అని మన ఒంట్లో ఉంటదంట, సన్న దారం లాంటిది. అది ఎట్టా ముడుచుకుంటే అట్టా పనిచేస్తదంట. ఫోన్లో నాలుగు రంగుల పూసలిస్తారు. ఏ పూస పక్కన ఏది పెడితే దారం వాళ్ళడిగినట్టు ముడుచుకుంటదో చూసి పేర్చాలి. బాగా కుదిరినవాటిని పైదేశంలో ల్యాబులో నిజంగానే తయారుచేసి చూస్తారంట. మందులు తొందరగా పాడవకుండా ఉండటానికి పనికొస్తదంట.

నాకు సగమే అర్థమైందండి. అది చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి, అంత వెలుగు!

పాపని నిద్రపుచ్చి మధ్యాహ్నం పూట ఆడుకునేది. అన్నం మాడ్చిందా? ఇల్లు ఊడవడం మానిందా? మా వియ్యపురాలినే అడగండి.

ఒకరోజు ప్రభు ఆ ఫోను తీసి చూశాడు. ఆ ఆట ఆడేవాళ్ళలో ఎవరో ఇంగ్లీషులో రాశారు, ‘నీ మెలిక ఎంత అందంగా ఉందో’ అని. ఆ దారంలో మెలికండీ! ఇది పేర్చిన మెలిక! బళ్ళో పాఠాలు చెప్పేవాడు, ఆ మాత్రం తెలీదా? “ఎవడే వాడు? నీలో ఏ మెలిక చూశాడు?” అని జుట్టు పట్టుకున్నాడు.

రాసిందెవరో తెలుసా? ఒక ముసలావిడ. ఎక్కడో మంచు కురిసే దేశంలో పంతులమ్మగా చేసి మానేసిందంట. ఆవిడ ఫోటో చూడమని ఇది మొత్తుకుంది. చూస్తేనా? ఫోను గడపకేసి కొట్టబోయాడు. ఇది అడ్డం పోతే చూపుడువేలు వెనక్కి విరిచాడు.

ఆ సంగతి మీకు చెప్పలేదా? ఎందుకు చెప్తాడు! ఇప్పటికీ ఆ వేలు వంగదండి.

కట్టుబట్టలతో గుంటూరు బస్సెక్కించారు. పాపని మాత్రం ఉంచేసుకున్నారు.

మొన్న నా ఫోనులో దానికి మెయిలొచ్చింది. వీళ్ళంతా పేర్చినవి కలిపి పేపర్లో వేశారంట. మన పేపరేమో అనుకుని నేను కొట్టుకి పరిగెత్తబోయా. “సైన్సు వాళ్ళ పేపరే అమ్మా” అని నవ్వింది. ఇక్కడికొచ్చాక అది నవ్వడం అదే.

“నీ పేరేదే?” అన్నా. లేదు. అచ్చు వేసే ముందు అడిగారంట, అసలు పేరు వేస్తామమ్మా అని. ఇదే వద్దంది. పక్కన మొగాళ్ళ పేర్లుంటాయిగా, ప్రభు అది కూడా పట్టుకొచ్చి మీకు చూపిస్తాడని భయం. ఆటలో పెట్టుకున్న పేరొకటుంది, ‘మిరపపండు’ అని. అదే వేశారు. ఆ మిరపపండు ఎవరో ఎవరికి తెలుస్తది? ఏ ఊరిదో ఎవరికి తెలుస్తది?

ఏంటీ? “నువ్వే నచ్చజెప్పు ఎలీసమ్మా” అంటారా? నన్నా?

ఆదివారం సంఘం ముందు నిలబడి, పరాయి మొగాళ్ళతో మాట్లాడాను, క్షమించండి అనాలి. అంటే పాప దగ్గరికి రానిస్తారు. అంతేగా? ఏం, తల దించుకున్నారు?

నేను వద్దే అన్నానండి. కోర్టుకెళ్దాం అన్నా. మెత్తబడింది కూడా. ఇంతలో నిన్న పాప, మా హారిక, ఫోను చేసింది. వాళ్ళే చేయించారులెండి. “అమ్మా, నువ్వు తప్పు చేశావంటగా? ఎప్పుడు ఒప్పుకుంటావు?” అంది. నాలుగేళ్ళ పిల్లండీ! ఆ మాట దానికి ఎవరు నేర్పారు?

షారోన్ ఫోను కింద పెట్టి, నా పెట్టెలోంచి ఆరాధనకి కట్టుకునే తెల్లచీర తీసింది.

వస్తదండి. లోపల ఆ చీరే ఇస్త్రీ చేసుకుంటోంది. వెళ్ళి అల్లుడికి చెప్పండి, సంతోషిస్తాడు.

నేనా? నేను రాను. జ్వరమొచ్చినా ఆరాధన మానలేదు నేను. ఈ ఆదివారం మాత్రం తొడిమల పనికి పోతా.

లేస్తున్నారా? ప్రార్థన చేసి వెళ్తారా? చేయండి. ఇంటికొచ్చిన దైవజనులు, కాదంటానా?

నన్ను మాత్రం కళ్ళు మూసుకోమనకండి.